పట్నంలో గెట్టు తగాదా

ఆఫీసు ఆవరణలో అడ్డంగా నిలిపే బండ్లు - పక్క కుర్చీ మనిషితోనే పేచీ

సికింద్రాబాద్: సాయంత్రం అయిదున్నర దాటింది. మూడో అంతస్తులో పని ముగించుకుని, టిఫిన్ డబ్బా చేతబట్టుకుని సెల్లారులోకి దిగిన గుమాస్తా తన స్కూటరు దగ్గరకు వచ్చి అలాగే నిలబడిపోయాడు. స్కూటరు గోడవైపు ఉంది. దాని వెనుక జానెడు సందు కూడా విడవకుండా ఒక కారు అడ్డంగా ఆగి ఉంది. ఎటు లాగినా స్కూటరు బయటికి రాదు.

ఆయన ఊరు శామీర్‌పేట దాటి లోపలికి ఉంది. చీకటి పడకముందే ఇల్లు చేరాలి. తల్లికి మందులు తీసుకోవాలి. వాచ్‌మన్‌ను పిలిచి అడిగితే, ‘ఎవరిదో ఏమో సార్, నేను టీ తాగవోయిన’ అన్నాడు. మళ్ళీ మూడంతస్తులు ఎక్కి, గదిగదికీ పోయి, కారు నంబరు చెప్పి అడిగితే చివరకు తేలింది - ఆ కారు పరాయివాడిది కాదు. తన సెక్షన్‌లోనే, తన పక్క కుర్చీలో కూర్చునే ఆయనదే. పొద్దున ఆలస్యంగా వచ్చి, దొరికిన చోట నిలిపి, పైకి పరుగెత్తాడు.

‘అన్నా, జర కారు తీస్తవా?’

‘అయ్యో, నీ బండి ఉందా అక్కడ? చూడలే. రెండు నిమిషాలు ఆగు, ఈ కాగితం అయిపోని.’

ఆ రెండు నిమిషాలు ఇరవై నిమిషాలయ్యాయి. మందుల దుకాణం దగ్గర మరికొంత సేపు. ఊరు చేరేసరికి చీకటి. మర్నాడు ఆఫీసులో ఇద్దరూ మాట్లాడుకున్నారు గాని, పదకొండు గంటల చాయ్‌కి కలిసి పోలేదు.

ఇది ఏ ఒక్క ఆఫీసు కథా కాదు. సికింద్రాబాద్‌లో ప్యాట్నీ నుంచి పారడైజ్ దాకా, రాష్ట్రపతి రోడ్డు నుంచి సరోజినీదేవి రోడ్డు దాకా ఏ పాత భవనం సెల్లారులోకి సాయంత్రం పూట దిగినా ఇటువంటి దృశ్యమే కంటబడుతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి రోజూ పట్నం వచ్చి ఉద్యోగం చేసుకునే వారికి ఇది బాగా అనుభవమైన ఇక్కట్టు.

గెట్టు పంచాయితీ వంటిదే

పల్లె వారికి గెట్టు తగాదా అంటే వేరే చెప్పనక్కర లేదు. పక్క చేను ఆసామి నాగలి ప్రతి ఏడూ ఒక చాలు ఇటు జరుగుతుంది. మొదటి ఏడు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. రెండో ఏడు మనసులో పెట్టుకుంటారు. మూడో ఏడు గెట్టు మీద నిలబడి కేకలు వేసుకుంటారు. పోయింది ఒక చాలు నేల. దాని కోసం రెండు ఇళ్ళ మధ్య మాటలు పోతాయి, పెళ్ళిళ్ళకు పిలుపులు పోతాయి.

ఆఫీసు సెల్లారులో జరిగేది కూడా ఇదే. అక్కడ తగాదా జానెడు జాగా కోసం. కాకపోతే ఒక తేడా ఉంది. చేనుకు పట్టా ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది, హద్దు రాయి ఉంటుంది. నక్షాలో బండ్లబాట కూడా గీసి ఉంటుంది. తగువు ముదిరితే సర్వేయరు గొలుసు తెచ్చి కొలుస్తాడు. సెల్లారులో చాలాచోట్ల గీత లేదు, రాయి లేదు, కొలిచేవాడూ లేడు. ముందు వచ్చినవాడిదే జాగా, తరువాత వచ్చినవాడిదే అడ్డం.

మరో తేడా ఇంకా ముఖ్యమైనది. గెట్టు తగాదా పడ్డ వారు ఎవరి చేనులో వారు పని చేసుకోవచ్చు. ఆఫీసులో అలా కుదరదు. అడ్డం పెట్టినవాడితోనే తెల్లవారితే కలిసి పని చేయాలి. ఆయన చేతి మీదుగానే ఫైలు రావాలి. సెలవు పెడితే ఆయనే మన పని చూడాలి. అందుకే ఈ తగాదాలో నష్టం సెల్లారులో ఆగదు, పై అంతస్తు దాకా ఎక్కుతుంది.

గుర్రబ్బండ్ల నాటి వీధులు

జాగా ఎందుకు ఇంత కరువైందో తెలియాలంటే ఊరి పుట్టుక కొంచెం తెలియాలి. సికింద్రాబాద్ మొదట సైనికుల విడిది. నిజాముకూ ఇంగ్లీషు వారికీ కుదిరిన ఒడంబడిక ప్రకారం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ సైన్యం దిగింది. 1806లో మూడో నిజాము సికందర్ జా పేరు మీద ఈ చోటికి సికింద్రాబాద్ అనే పేరు వచ్చింది. 1874లో రైలు స్టేషన్ వచ్చింది. స్టేషన్ చుట్టూ, మోండా మార్కెట్ చుట్టూ, జనరల్ బజారులో వర్తకులు దుకాణాలు కట్టుకున్నారు. ఆ వీధులు జట్కాలకు, ఎడ్లబండ్లకు, నడిచే మనిషికి సరిపడేటట్టు వేసినవి.

1960లో సికింద్రాబాద్ మునిసిపాలిటీ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌కే వచ్చింది. బ్యాంకులు, బీమా కంపెనీలు, వ్యాపార కార్యాలయాలు పెరిగాయి. ఒకప్పుడు ఉద్యోగులు సైకిలు మీద వచ్చేవారు, లేదా బస్సులో, రైలులో వచ్చేవారు. ఆఫీసు ముందు రేకుల షెడ్డు వేసి ‘సైకిల్ స్టాండ్’ అని బోర్డు పెడితే సరిపోయేది. 1972లో బజాజ్ చేతక్ వచ్చిన తరువాత స్కూటరు మధ్యతరగతి ఇంటి వస్తువయింది. స్కూటరు కొనాలంటే ఏళ్ళ తరబడి వరుసలో ఉండవలసిన రోజులవి. 1983 డిసెంబరులో మారుతి కారు వచ్చింది. తరువాతి సంగతి అందరికీ తెలిసిందే. బ్యాంకు అప్పు తేలికయింది, కారు కొనుక్కోవడం తేలికయింది. దాన్ని నిలిపే జాగా మాత్రం పెరగలేదు.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. ఒక కారు నిలపాలంటే సుమారు 15 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు కావాలి. అంటే 120 చదరపు అడుగులు. లోపలికి, బయటికి తిరగడానికి కావలసిన దారి దీనికి అదనం. ఆఫీసులో గుమాస్తా కూర్చునే మేజా, కుర్చీ కలిపినా అందులో సగం జాగా పట్టదు. మనిషి కంటే మనిషి వచ్చిన బండికే ఎక్కువ జాగా కావలసి వస్తున్నది.

సెల్లారు ఉన్నది దేనికి?

ఈ చిక్కుకు విరుగుడుగానే పెద్ద భవనాలకు సెల్లారు వచ్చింది. ఇల్లు కట్టినా, ఆఫీసు కట్టినా బండ్లకు ఇంత జాగా వదలాలని భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. 2012 ఏప్రిల్ 7న వెలువడిన 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వులోని నిబంధనల్లో పార్కింగ్‌కు ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. పార్కింగ్ కోసమని చూపిన జాగాను మరో పనికి వాడితే తొలగించే అధికారం నగరపాలక సంస్థకు ఉంది.

నిబంధన అలా ఉండగా, జరిగేది మరోలా ఉంటుంది. చాలా సెల్లారుల్లో సగం గోదాము. ఒక మూల జనరేటరు, ఒక మూల విరిగిన కుర్చీలు, పాత బీరువాలు, ఇంకో మూల జిరాక్సు దుకాణం. మిగిలిన జాగాలో బండ్లు. కనుక అడ్డంగా కారు నిలిపిన ఉద్యోగిని మాత్రమే తిట్టి లాభం లేదు. అతనికి సరిగా నిలిపే చోటు లేకుండా చేసినవారు ముందే ఉన్నారు.

సెల్లారును ఇష్టం వచ్చినట్టు వాడుకుంటే ఏమవుతుందో సికింద్రాబాద్ కళ్ళారా చూసింది. 2022 సెప్టెంబరు 12 రాత్రి పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గరి ఒక భవనంలో, కింది భాగంలో ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూములో నిప్పు రాజుకుంది. పైన లాడ్జి. పొగ మెట్ల దారి వెంట పైకి ఎక్కింది. 8 మంది ప్రాణాలు పోయాయి. ఆరు నెలలకు, 2023 మార్చి 16 సాయంత్రం, స్వప్నలోక్ కాంప్లెక్సులో అగ్నిప్రమాదం జరిగి 6 గురు చనిపోయారు. వారంతా వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల నుంచి బతుకుతెరువుకు వచ్చిన యువతీ యువకులు. ఈ ప్రమాదాలకు అడ్డంగా నిలిపిన బండ్లు కారణమని ఎవరూ అనడం లేదు. కాని పట్నంలో ఉద్యోగం చేసే బిడ్డ ఉన్న ప్రతి తల్లిదండ్రీ గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటి ఉంది. నిప్పంటుకున్న భవనం నుంచి మనిషి బయటపడేది మెట్ల మీదుగా, గేటు మీదుగానే. ఫైరింజను లోపలికి వచ్చేది కూడా ఆ గేటు నుంచే. మెట్ల ముందు నాలుగు మోటారు సైకిళ్ళు, గేటు మధ్యలో ఒక కారు ఉంటే ఆ నిమిషంలో తాళంచెవి ఎవరి జేబులో ఉందని వెతకాలి?

‘రెండు నిమిషాలే కదా’ అన్న మాటకు అసలు బరువు అక్కడ తెలుస్తుంది.

అడ్డం పెట్టడంలో రకాలు

సెల్లారులు కాచే వాచ్‌మన్లను కదిలిస్తే అడ్డం పెట్టేవారిలో ఎన్ని రకాలున్నారో పూసగుచ్చినట్టు చెబుతారు.

మొదటి రకం ఆలస్యపు మనిషి. ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు. హాజరు వేళ దాటిపోతుంది. దొరికిన సందులో బండి తోసి పైకి పరుగెత్తుతాడు. అడిగితే నొచ్చుకుంటాడు, మర్నాడు మళ్ళీ ఆలస్యంగానే వస్తాడు.

రెండో రకం రెండు జాగాల మనిషి. కొత్త కారు. గీత పడుతుందేమోనని భయం. రెండు కార్ల చోటులో మధ్యగా నిలుపుతాడు. పక్కన ఎవరూ రాకూడదని ఆయన కోరిక. అక్కడ నిలపలేకపోయిన మరొకరు పోయి ఇంకొకరికి అడ్డం నిలుపుతారు.

మూడో రకం సైడ్ స్టాండ్ మనిషి. మోటారు సైకిలును నడిమి స్టాండు మీద నిలబెడితే పట్టే జాగా తక్కువ. సైడ్ స్టాండు మీద వాల్చితే ఎక్కువ. పైగా వరుసలో ఒకటి ఒరిగితే పక్కవన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. అద్దాలు పగులుతాయి, పెట్రోలు కారుతుంది. ఎవరి బండి ముందు పడిందన్నదాని మీద మరో పంచాయితీ.

నాలుగో రకం పెద్ద మనిషి. ఆఫీసరు. ఆయన కారుకు చోటు ఉంది. అయినా మెట్ల ముందే దిగాలి, అక్కడే ఆపాలి. కిందివాడు నోరు తెరిచి అడగలేడు. ‘సార్, మీ కారు కొంచెం...’ అని అనడానికి ధైర్యం చాలక, చలికాలంలో గంటసేపు మెట్ల మీద కూర్చున్న నౌకర్లు ఉంటారు. అన్ని రకాల్లోకీ ఇదే చెడ్డది. పైవాడు గీత దాటితే కిందివాడికి గీత గుర్తుండదు.

అయిదో రకం వికలాంగులకు విడిచిన చోటులో నిలిపే మనిషి. ‘ఈ రోజు ఆయన రాలేదుగా’ అంటాడు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. నలుగురూ తిరిగే భవనాలు వికలాంగులకు కూడా అందుబాటులో ఉండాలని అది చెబుతున్నది. మూడు చక్రాల బండి మీద వచ్చిన మనిషి తన చోటు కోసం మరొకరిని బతిమాలవలసి రావడం కంటే సిగ్గుచేటు మరొకటి లేదు.

న్యూట్రల్ ధర్మం

ఇన్ని చిక్కుల మధ్య కూడా పట్నం వారు ఒక ఒప్పందం తామే తయారు చేసుకున్నారు. ఏ జీవోలోనూ అది లేదు. జాగా లేనప్పుడు కారును మరొక కారుకు అడ్డంగానే నిలుపుతారు గాని, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయకుండా వదులుతారు. లోపలి కారు బయటికి రావాలంటే వాచ్‌మన్, మరో మనిషి కలిసి అడ్డం ఉన్న కారును అటు తోసి, ఇటు తోసి దారి ఇస్తారు. స్కూటర్ల వారు హ్యాండిల్‌కు తాళం వేయకుండా విడుస్తారు. కొన్నిచోట్ల తాళంచెవులే వాచ్‌మన్ దగ్గర కొక్కేలకు వేలాడతాయి.

ఇది నమ్మకం మీద నడిచే ఏర్పాటు. సమతలంగా ఉన్న చోటే పనికొస్తుంది. వాలు ఉంటే ప్రమాదం. పైగా కొత్తగా వస్తున్న ఆటోమేటిక్ గేర్ల కార్లలో చాలావాటిని ఇలా వదిలిపెట్టడం కుదరదు. అందుకని పాత ధర్మం ఒక్కటే నమ్ముకుంటే ఇక చాలదు. అడ్డం నిలపక తప్పని రోజున అద్దం దగ్గర ఫోన్ నంబరు రాసిన అట్టముక్క పెట్టడం ఇప్పుడు మంచి అలవాటుగా పెరుగుతున్నది. పిలిచిన వెంటనే దిగి రావాలి. పిలిస్తే ఎత్తని ఫోన్ నంబరు ఎన్ని రాసి పెట్టినా ఒకటే.

జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుపోయిన పెద్దవారికి ఇంకా మంచి ఉపాయం తెలుసు. రాత్రికి ఉండే బండి లోపలికి, పొద్దుగూకక ముందే మళ్ళే బండి అంచుకు. ఎప్పుడు వచ్చాడన్నది కాదు, ఎప్పుడు పోతాడన్నది లెక్క. ఆఫీసులో కూడా అంతే. అయిదు గంటలకు ఊరికి పోయేవారి బండ్లు గేటు వైపు, ఏడు దాకా ఉండేవారివి లోపలి వైపు నిలిపించితే సగం తగాదాలు పుట్టవు. దీనికి ఖర్చు కూడా లేదు. ఒక కాగితం మీద పేర్లు, వేళలు రాసి గోడకు అంటిస్తే చాలు.

ఎలా అడగాలి?

అడ్డం పెట్టిన పనివాడితో వ్యవహారం ఎలా నడపాలన్నది అసలు ప్రశ్న. అనుభవం మీద తేలిన పద్ధతి ఇది.

మొదటిసారి నేరుగా, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడాలి. నలుగురి ముందు అడిగితే ఎదుటివాడు తప్పు ఒప్పుకోడు, పరువు కాపాడుకుంటాడు. ‘నీకు బుద్ధి లేదా’ అంటే తగువు మొదలైనట్టే. ‘నిన్న నీ కారు వల్ల నాకు అరగంట ఆలస్యమైందన్నా, అమ్మకు మందు వేళ తప్పింది’ అంటే వినేవాడికి విషయం తగులుతుంది. మనిషిని తిట్టడం వేరు, జరిగిన నష్టం చెప్పడం వేరు. చాలామందికి తాము చేసిన నష్టం తెలియనే తెలియదు. వారు పైన ఉంటారు, నష్టం కింద జరుగుతుంది.

కోపం మీద ఉన్నప్పుడు అడగకూడదు. బండి బయటికి తీసిన తరువాత, మర్నాడు చాయ్ దగ్గర అడగడం మంచిది. అడగకుండా లోపల దాచుకోవడం మాత్రం పనికిరాదు. దాచుకున్న మాట మూడు నెలలకు మరో సందర్భంలో, మరో రూపంలో బయటపడుతుంది. అప్పుడది బండి తగాదా కాదు.

పేరు లేని చీటీ రాసి కారు అద్దానికి అంటించడం కొందరి పద్ధతి. చదివినవాడు ఆఫీసులో అందరినీ అనుమానిస్తాడు. చీటీ రాయవలసి వస్తే పేరు, ఫోన్ నంబరు వేసి, రెండు ముక్కల్లో మర్యాదగా రాయాలి.

రెండుసార్లు చెప్పినా మారకపోతే అది ఇద్దరి మధ్య విషయం కాదు, ఆఫీసు విషయం. నలుగురు కలిసి, ఒకరి పేరు ఎత్తకుండా, ‘సెల్లారులో గీతలు వేయించండి, చోట్లకు నంబర్లు ఇవ్వండి, మెట్ల ముందు ఎవరూ నిలపకుండా చూడండి’ అని పరిపాలన విభాగానికి అర్జీ ఇవ్వాలి. ఆ నియమం ఆఫీసరు కారుకు కూడా వర్తించాలని అందులో రాయాలి. ఒక డబ్బా తెల్ల రంగు, ఒక ఆదివారం పని. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత శాంతి దొరికే చోటు మరొకటి ఉండదు.

గాలి తీస్తే నేరం

కొందరు ఓపిక పట్టలేక చక్రంలో గాలి తీస్తారు. మేకుతో గీత గీస్తారు. తమ బండిని కూడా తెచ్చి ఎదుటివాడికి అడ్డం పెట్టి ఇంటికి పోతారు. ఆ నిమిషానికి కడుపు చల్లబడవచ్చు. తరువాత చిక్కుల్లో పడేది వారే. కావాలని మరొకరి ఆస్తికి నష్టం చేయడం శిక్షాస్మృతి ప్రకారం నేరం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షన్ దీని గురించే. అప్పటిదాకా న్యాయం తనవైపు ఉన్నవాడు ఒక్క మేకుతో ముద్దాయి అవుతాడు. సెల్లారులో కెమెరాలున్న రోజులు కూడా ఇవి.

ఆవరణ బయట, రోడ్డు మీద నిలిపిన బండ్ల సంగతి వేరు. అక్కడ మోటారు వాహనాల చట్టం 1988 వర్తిస్తుంది. ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగేటట్టు బండి విడవరాదని 122వ సెక్షన్ చెబుతుంది. అలా విడిచిన బండిని పోలీసులు తొలగించడానికి 127వ సెక్షన్ అధికారమిస్తుంది. లాక్కుపోయిన ఖర్చు బండి యజమానిదే. కాలిబాట మీద, పాదచారులు దాటేచోట, బస్‌స్టాప్ దగ్గర, ఆసుపత్రి, పాఠశాల గేట్ల దగ్గర, ఇతరుల ఆవరణ ముఖద్వారం ముందు బండి నిలపరాదని నిబంధనలున్నాయి. నలుగురు నడిచే దారికి అడ్డం కలిగించితే న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద రూ.5,000 దాకా జరిమానా పడవచ్చు.

ఆఫీసు గేటు లోపల మాత్రం బాధ్యత ముఖ్యంగా భవన యజమానిది, ఆఫీసుది. లోపల ఎవరి చోటు ఎవరిదో తేల్చడానికి ట్రాఫిక్ పోలీసు రాడు. ఇది తెలియక చాలామంది ఠాణాకు పోయి, ఉత్త చేతులతో తిరిగి వస్తుంటారు. అయితే అంబులెన్సుకు, ఫైరింజనుకు దారి లేని పరిస్థితి ఉంటే ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయవచ్చు. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది మన హైదరాబాద్‌లోనే. ఆ బండి ఎంత త్వరగా వచ్చినా గేటు దగ్గర ఆగిపోతే ఫలితం లేదు.

ఇతర దేశాల్లో

ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఓక్లహోమా సిటీ అనే ఊరిలో బజారు వీధుల్లో పనిచేసే ఉద్యోగులే పొద్దున వచ్చి దుకాణాల ముందు కార్లు నిలిపి సాయంత్రం దాకా తీసేవారు కారు. కొనడానికి వచ్చినవారికి చోటు దొరక్క వర్తకులు గగ్గోలు పెట్టారు. అందుకు విరుగుడుగా 1935 జూలై 16న అక్కడ ప్రపంచంలో మొదటి పార్కింగ్ మీటరు పెట్టారు. నాణెం వేస్తేనే బండి నిలపాలి. అంటే ఈ యంత్రం పుట్టిందే తోటి ఉద్యోగుల నిర్లక్ష్యం వల్ల.

జపానులో మరో పద్ధతి. 1962లో వచ్చిన చట్టం ప్రకారం కారు కొనేవాడు దాన్ని నిలపడానికి తనకు చోటు ఉందని ముందుగా రుజువు చూపాలి. ఆ చోటు ఇంటికి 2 కిలోమీటర్ల లోపు ఉండాలి. పోలీసులు చూసి ధ్రువపత్రం ఇస్తేనే కారు రిజిస్టరవుతుంది. కొట్టం లేనిదే గొడ్డును కొనవద్దన్న మన పెద్దల మాట వంటిదే ఇది.

కాలిఫోర్నియాలో 1992లో ఇంకో చట్టం చేశారు. ఉద్యోగుల కోసం పార్కింగ్ జాగా అద్దెకు తీసుకుని ఉచితంగా ఇచ్చే పెద్ద సంస్థలు, ఆ చోటు వద్దన్న ఉద్యోగికి దాని ఖరీదు డబ్బు రూపంలో ఇవ్వాలి. కారు తేనివాడికి లాభం కనపడితే కార్లు తగ్గుతాయి.

మన దగ్గర ఆ అవకాశం లేకపోలేదు. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలయ్యాయి. 2017 నవంబరులో మెట్రో వచ్చింది, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా దారి కలిసింది. ఘట్‌కేసర్, బీబీనగర్, మేడ్చల్ వైపు నుంచి రైలులో వచ్చే ఉద్యోగికి సెల్లారు గొడవ లేదు. ఒకే ఊరి నుంచి ఒకే ఆఫీసుకు ముగ్గురు మూడు బండ్ల మీద రావడం మాని, ఒక బండి మీద వచ్చినా ఇంధనం మిగులుతుంది, చోటూ మిగులుతుంది.

మన ఊళ్ళో మాత్రం?

పట్నం వారిని అని ఊరుకుంటే సరిపోదు. ఊళ్ళో వడ్లు ఆరబోసుకునేది రోడ్డు మీదే. ట్రాక్టరును రచ్చకట్ట దగ్గర అడ్డంగా విడిచి, ట్రాలీ పక్కింటి గడప ముందు వదిలేసి పోయేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. రాత్రిపూట రోడ్డు మీద విడిచిన, వెనుక దీపం లేని ట్రాలీని చూడక గుద్దుకుని చనిపోయిన మోటారు సైకిలు వారి వార్తలు తరచు వస్తూనే ఉన్నాయి. అడిగితే ఊళ్ళోనూ అదే జవాబు: ‘ఇప్పుడే తీస్త.’

ధాన్యం అమ్ముకోవడానికి మార్కెట్ యార్డుకు పోయినప్పుడు, ఆసుపత్రికి పోయినప్పుడు, పెళ్ళి మంటపం ముందు - ఎక్కడ బండి ఆపినా దిగేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే చాలు. నా బండి వల్ల ఎవరి బండి ఆగింది? ఎవరి గడప మూసుకుంది? చూడడానికి పట్టే కాలం క్షణం. చూడకపోతే మరొకరికి పోయేది అరగంట. ఒక్కొక్కప్పుడు ప్రాణం.

శామీర్‌పేట వైపు గుమాస్తా సంగతికి వస్తే, ఆ తరువాత వారం రోజులకు ఆయనే పక్క కుర్చీ ఆయనతో మాట కలిపాడు. అమ్మకు మందు వేళ తప్పిన సంగతి చెప్పాడు. ‘ఆ మాట అప్పుడే అనొద్దా అన్నా’ అని ఆయన నొచ్చుకున్నాడు. ఇప్పుడు ఆలస్యమైన రోజున కూడా కారు గోడవారగానే నిలుపుతున్నాడు. తప్పనప్పుడు తాళంచెవి తెచ్చి గుమాస్తా మేజా మీద పెట్టి కూర్చుంటున్నాడు.

సెల్లారులో గీతలు మాత్రం ఇంకా పడలేదు. అర్జీ పైకి పోయింది. ఆఫీసరు కారు మెట్ల ముందే ఉంది.